సున్న వేరు, మౌనం వేరు

ప్రకృతిలో ఏ మార్పూ ఒక్క గంతులో జరగదు. తెల్లవారడం, ప్రొద్దు గ్రుంకడం, కాలువలో నీరు పెరగడం, పొయ్యిమీద ఎసరు కాగడం, ఇవన్నీ ఎడతెగక మెల్లమెల్లగా సాగే మార్పులే. లెక్క స్వభావం అది కాదు. ఒకటి తరువాత రెండు, రెండు తరువాత మూడు. నడుమ ఒక గంతు తప్పదు. నేటి కర్మాగారాలలో ఆజ్ఞలిచ్చే కంప్యూటరుకు లెక్కల భాష ఒక్కటే తెలుసు. దాని పాలనలో ఉండే ఆవిరికి, నీటికి, నూనెకు, రంగుకు ప్రకృతి భాష ఒక్కటే తెలుసు. ఈ ఇద్దరి నడుమ నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేసే దుబాసి ఒకడు ఉండాలి. ఆ దుబాసి పేరు అనలాగ్ మాడ్యూలు. వినే పని, చెప్పే పని రెండూ ఒకే పెట్టెలో ఇమిడి ఉంటే దానిని మిశ్రమ అనలాగ్ మాడ్యూలు అంటారు.

ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడుతూ పెరిగిన నాకు దుబాసి పని క్రొత్త కాదు. కర్మాగారాలలో కొలత పరికరాలను అమర్చి, సరిచూచే పని నా వృత్తి అయింది. ఆ పెట్టెను గురించి, అది నాకు నేర్పిన ఒక సత్యాన్ని గురించి మన కళాశాల విద్యార్థులతో నాలుగు మాటలు పంచుకోవాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

మాది చీరాల ప్రక్కనున్న ఈపురుపాలెం. ఒకప్పుడు గుంటూరు జిల్లాలోను, 1970 నుండి ప్రకాశం జిల్లాలోను ఉండి, 2022లో బాపట్ల జిల్లాలో చేరిన ఊరు. మగ్గాల చప్పుడుకు పేరు పొందినది. కృష్ణా పశ్చిమ డెల్టాలోని మిగులు నీటిని సముద్రానికి చేర్చే స్ట్రెయిట్ కట్ కాలువ మా ఊరి పేరుతోనే పిలువబడుతున్నది. సాగునీటికి కొమ్మమూరు కాలువ ఉన్నది. ఆ కాలువల తూముల వద్ద పనిచేసే లస్కర్లను ఈ ప్రాంతంలో పెరిగినవారు చూచే ఉంటారు. లస్కరు గట్టుమీద నిలబడి, రాతిమీద చెక్కిన కొలబద్దపై నీరు ఎంతవరకు ఉన్నదో చూస్తాడు. ఎక్కువైతే షట్టరును కొంచెం దించుతాడు. తక్కువైతే కొంచెం ఎత్తుతాడు. మళ్ళీ కొలబద్దను చూస్తాడు. చూచే కన్ను, త్రిప్పే చేయి ఒకే మనిషివి కావడం వలననే ఆ పని సక్రమంగా సాగుతున్నది.

మా దాదా నూలుకు రంగులద్దేవారు. వ్యాట్ రంగులలో కొన్నింటికి తొట్టిలోని నీరు 60 డిగ్రీల వేడిమీద ఉండాలి. కొన్నింటికి 45 నుండి 50 చాలు. మరికొన్నింటికి వేడే అక్కరలేదు. వేడి తప్పితే చిలపలో ఒకచోట ముదురు, ఒకచోట లేత. ఆ నూలుతో నేసిన చీర చారలు తేలుతుంది. దాదా వద్ద ఉష్ణమాపకం లేదు. వేలి కొసతో నీటిని తాకేవారు. కాగు అంచున లేచే ఆవిరిని చూచేవారు. నీరు చేసే చిన్న సవ్వడిని వినేవారు. ఆపైన పొయ్యిలో నుండి ఒక పుల్లను వెనుకకు లాగేవారు, లేదా ఒక పుల్లను ముందుకు త్రోసేవారు. రంగునీటినుండి పైకి తీసినప్పుడు పసుపుపచ్చగా ఉన్న నీలిమందు నూలు గాలి తగలగానే కనులముందే నీలంగా మారడం చిన్నప్పుడు మాకొక వింత. ఆ వింత వెనుక ఉన్నది మాత్రం వేలి కొసకూ, పొయ్యిలోని పుల్లకూ నడుమ సాగిన ఎడతెగని సంభాషణ.

లస్కరు, దాదా చేసిన పనినే నేడు కర్మాగారంలో ఆ పెట్టె చేయిస్తున్నది. ఒక రంగుల తొట్టిని ఉదాహరణగా తీసుకుందాం. తొట్టిలో ప్లాటినం తీగతో చేసిన ఒక సన్నని ఉష్ణమాపకం మునిగి ఉంటుంది. 0 డిగ్రీల వద్ద ఆ తీగ విద్యుత్తుకు చూపే నిరోధం 100 ఓములు. 60 డిగ్రీల వద్ద అది సుమారు 123.24 ఓములు అవుతుంది. ఆ మార్పును ట్రాన్స్‌మిటర్ అనే చిన్న పరికరం విద్యుత్ ప్రవాహంగా మారుస్తుంది. 0 డిగ్రీలకు 4 మిల్లీ ఆంపియర్లు, 100 డిగ్రీలకు 20 మిల్లీ ఆంపియర్లు అని ఏర్పాటు చేసుకుంటే, 60 డిగ్రీల వద్ద తీగలో 13.6 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తాయి. మాడ్యూలు ఆ ప్రవాహాన్ని కొలిచి ఒక సంఖ్యగా మారుస్తుంది. ఉదాహరణకు సీమెన్స్ వారి మాడ్యూళ్ళలో ఆ కొలత మొత్తం 0 నుండి 27648 వరకు విభజింపబడి ఉంటుంది గనుక, 60 డిగ్రీలు వారి కంప్యూటరుకు 16589గా వినబడతాయి. ఇది వినే పని.

ఇక చెప్పే పని. కంప్యూటరు తనకు అందిన సంఖ్యను కావలసిన సంఖ్యతో పోల్చుకుంటుంది. తేడా ఇప్పుడెంత, చాలాసేపటినుండి ఎంత పేరుకున్నది, ఎంత వేగంగా మారుతున్నది అనే మూడు విషయాలను లెక్కకు తీసుకొని ఆవిరి కవాటం ఎంత తెరవాలో నిర్ణయిస్తుంది. మాడ్యూలు ఆ నిర్ణయాన్ని మళ్ళీ విద్యుత్ ప్రవాహంగా మార్చి పంపుతుంది. 4 అయితే పూర్తిగా మూత, 20 అయితే పూర్తిగా తెరుపు, 12 అయితే సగం. ఆ ప్రవాహం మరొక పరికరంలో గాలి ఒత్తిడిగా మారి కవాటాన్ని కదిలిస్తుంది. కొద్దిసేపటికి నీటి వేడి మారుతుంది. ఆ మార్పు మళ్ళీ ఉష్ణమాపకం ద్వారా వెనుకకు చేరుతుంది. ఈ చక్రం రాత్రింబవళ్ళు ఆగదు.

చిన్న యంత్రానికి వినవలసినవి మూడు నాలుగు, చెప్పవలసినవి ఒకటి రెండు మాత్రమే ఉంటాయి. దానికోసం వినడానికొక పెట్టె, చెప్పడానికొక పెట్టె కొనడం దండుగ. అందుకే నాలుగు ఇన్‌పుట్లు, రెండు అవుట్‌పుట్లు కలిపి ఒకే మాడ్యూలుగా చేశారు. చోటు కలిసివస్తుంది, ఖర్చు తగ్గుతుంది. మన చిన్నతరహా పరిశ్రమలకు ఇది ఎంతో అనుకూలమైనది.

తన్ను తాను సరిదిద్దుకొనే యంత్రం అనే ఊహ నిన్న మొన్నటిది కాదు. 9వ శతాబ్దిలో బాగ్దాదు నగరంలో బనూ మూసా సోదరులు ముగ్గురు రచించిన ‘కితాబుల్ హియల్’లో, వత్తి కాలినకొద్దీ దానిని తానే ఎగద్రోసుకొనే దీపం వర్ణింపబడి ఉన్నది. 1206లో అల్ జజరీ పూర్తిచేసిన యంత్రశాస్త్ర గ్రంథంలోని నీటి గడియారాలలో, తేలే బెండు ఒకటి నీటి ధారను సమంగా ఉంచుతుంది. 1788లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి వేగాన్ని అదుపుచేసే గుండ్ల పరికరాన్ని అమర్చాడు. 1969లో అమెరికాలో మోడికాన్ సంస్థ తొలి పి.ఎల్.సి.ని తయారుచేసింది. అది ప్రధానంగా ఉన్నది–లేదు అనే రెండు మాటలతో రిలేలకు బదులుగా పనిచేయడానికి పుట్టినది. మెల్లగా మారే వేడిని, ఒత్తిడిని, మట్టాన్ని గ్రహించే శక్తి అటువంటి యంత్రాలకు తరువాత అనలాగ్ మాడ్యూళ్ళ ద్వారా సమకూరింది.

ఇక అసలు విషయానికి వస్తాను. కొలత సున్న నుండి మొదలుకావడం సహజం గదా, 4 నుండి ఎందుకు మొదలుపెట్టారు? ఈ ప్రశ్న నేను వృత్తిలో చేరిన క్రొత్తలో నన్ను తికమకపెట్టింది. విద్యుత్తుకు ముందు గాలి ఒత్తిడితో సంకేతాలు పంపేవారు. అక్కడా చదరపు అంగుళానికి 3 పౌన్లనుండి 15 పౌన్ల వరకు వాడారుగాని, సున్ననుండి కాదు. రెండింటిలోను అడుగు కొలత పై కొలతలో అయిదవ వంతు. ఇది యాదృచ్ఛికం కాదు.

సున్న అనే మాటకు రెండర్థాలు రావచ్చు. ‘నేను కొలిచాను, ఏమీ లేదు’ అనడం ఒకటి. ‘నేను అసలు మాట్లాడలేకపోతున్నాను’ అనడం మరొకటి. తీగ తెగితే ప్రవాహం సున్న అవుతుంది. కొలతలోని అడుగుస్థానాన్ని కూడ సున్న ప్రవాహంతోనే సూచిస్తే, తెగిన తీగకూ చల్లని నీటికీ భేదం తెలియదు. కొలత 4 వద్ద మొదలైతే ఆ చిక్కు తొలగిపోతుంది. 4 వచ్చినదంటే పరికరం ప్రాణంతో ఉన్నది, వేడి మాత్రం లేదు. సున్న వచ్చినదంటే మాట తెగిపోయినది. దీనిని మా వృత్తిలో ‘జీవమున్న సున్న’ అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. 3.6కు తగ్గినా, 21కి మించినా అది కొలత కాదు, లోపానికి గుర్తు అని భావించే సంప్రదాయం నేడు పరిశ్రమలలో విస్తృతంగా ఉన్నది. అంతేకాదు, రెండు తీగల ట్రాన్స్‌మిటరు తన పోషణకు కావలసిన విద్యుత్తును ఆ అడుగునున్న 4 మిల్లీ ఆంపియర్లలో నుండే తీసుకుంటుంది. మాట్లాడేవాడికి ముందు అన్నం పెట్టి, ఆ తరువాత మాట వినే ఏర్పాటు అన్నమాట.

ఈ చిన్న సూత్రాన్ని పాటించకపోతే ఏమి జరుగుతుందో నేను కన్నులారా చూచాను. కొన్ని సంవత్సరాల క్రితం ఒక అద్దకపు కర్మాగారంలో పనిచేశాను. దాని పేరుతో మనకు పని లేదు. అక్కడ నేను చేరకముందే అమర్చిన ఒక రంగుల తొట్టికి 0 నుండి 10 వోల్టుల సంకేతంతో పనిచేసే మిశ్రమ మాడ్యూలు ఉండేది. ఖర్చు తగ్గుతుందని అలా ఏర్పాటు చేశారట. 4 నుండి 20 పద్ధతికి మార్చవలసినదని నేను వ్రాసి ఇచ్చాను. ‘నడుస్తున్నదానిని కదపడం ఎందుకు’ అన్నారు.

ఒకనాటి రాత్రి పనిలో ఎలుక తీగ కొరికింది. సంకేతం సున్న అయింది. కంప్యూటరు దృష్టిలో తొట్టిలోని నీరు 0 డిగ్రీలకు చల్లబడింది. అది తన ధర్మం ప్రకారం ఆవిరి కవాటాన్ని పూర్తిగా తెరిచింది. ఎంత ఆవిరి పంపినా వేడి పెరిగినట్లు కబురు రాలేదు గనుక మూయలేదు. తొట్టి తెర్లి పైకి పొంగింది. చిలపలు త్రిప్పుతున్న కార్మికుని ముంజేయి మోచేతివరకు కాలింది.

మరునాడు విచారణ జరిగింది. కార్మికుడు తొట్టిని కనిపెట్టి ఉండలేదని, నష్టం అతని జీతంలో కోయవలసినదని పెద్దలు అప్పటికే నిశ్చయించుకొని వచ్చారు. చేతికి కట్టుతో నిలబడిన ఆ మనిషి ఒక్క మాట అన్నాడు. “నేను ప్రక్కకు పోలేదు సారూ. పెట్టెమీద సున్న కనపడింది. సున్న అంటే చల్లగా ఉన్నట్టే గదా!” ఆ తరువాత అతడు మరి మాట్లాడలేదు. ఆ మౌనాన్ని వారు తప్పు ఒప్పుకోవడంగా తీసుకున్నారు.

వేడిని కాగితంమీద గీసే పరికరం ఒకటి ఆ పెట్టెలో ఉండేది. ఆ కాగితపు చుట్టను తెచ్చి బల్లమీద పరిచాను. సాయంత్రంనుండి 60 డిగ్రీల దగ్గర గీత నెమ్మదిగా అలలా సాగింది. ఒకచోట ఉన్నట్టుండి నిట్టనిలువుగా 0కు పడిపోయింది. “అయ్యా, ఇన్ని వందల లీటర్ల నీరు ఒక్క క్షణంలో 60 డిగ్రీలు చల్లబడగలదా? అదీ మంచుకట్టే చలికి, మన కోస్తాలో? ఇది నీరు చెప్పిన మాట కాదు. తీగ తెగిన గుర్తు. యంత్రానికి తెలియని భేదం ఈ మనిషికి తెలియలేదని శిక్షిస్తారా?” అని అడిగాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరకు జీతం కోత మానుకున్నారు. వైద్యం ఖర్చు భరించారు. తీగలు మార్చడానికి మాత్రం మరికొన్ని నెలలు పట్టింది. ఆ కార్మికుని చేతిమీది మచ్చ నేను ఆ పని వదలిన నాటికీ మానలేదు.

ఆ సంఘటన నుండి మరి రెండు విషయాలు విద్యార్థులు గ్రహించవలసి ఉన్నది. మొదటిది, మిశ్రమ మాడ్యూలులో ఉన్న సుగుణమే దాని బలహీనత కూడ. కన్ను, చేయి ఒకే పెట్టెలో ఉన్నాయి గనుక పెట్టె చెడితే రెండూ ఒకేసారి పోతాయి. కనుక ప్రాణాపాయం ఉన్నచోట, వేడి హద్దు దాటగానే ఆవిరిని ఆపివేసే మరొక పరికరం వేరుగా ఉండాలి. దానికి ఈ పెట్టెతో ఏ సంబంధమూ ఉండరాదు. ఆ తొట్టికి అటువంటిది లేదు. రెండవది, చెప్పే వైపు కూడ మౌనం సంభవిస్తుంది. కంప్యూటరు ఆగిపోతే కవాటం ఏమి చేయాలి? చివరి ఆజ్ఞనే పట్టుకొని ఉండాలా, ముందే నిర్ణయించిన స్థానానికి పోవాలా? ఆవిరి కవాటమైతే మూసుకోవాలి. చల్లార్చే నీటి కవాటమైతే తెరుచుకోవాలి. ఈ నిర్ణయం పెట్టెది కాదు. దానిని అమర్చే మనిషిది. ఆ మనిషి తొట్టి ప్రక్కన నిలబడే కార్మికుణ్ణి తలచుకొని నిర్ణయించాలి.

ఇటువంటి విద్యలు మనకు దూరమని, ఎక్కడో విదేశాలలో పెద్ద నగరాలలో పుట్టినవారికే అబ్బుతాయని మన పిల్లలలో ఒక జంకు ఉన్నది. నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని మోగల్లు గ్రామంలో 1914లో జన్మించిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారిని వారు తెలుసుకోవాలి. 1956 ఆగస్టు 4న ట్రాంబేలో పనిచేయడం ప్రారంభించిన ‘అప్సర’ అణు రియాక్టరు నియంత్రణ వ్యవస్థను రూపొందించిన బృందానికి నాయకుడు ఆయనే. 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపనకు ఆయనే మూలపురుషుడు. అణు విద్యుత్ కేంద్రాలకు కావలసిన కొలత, నియంత్రణ పరికరాలను దేశంలోనే తయారుచేయడం ఆ సంస్థ చేపట్టిన ముఖ్య కార్యాలలో ఒకటి. పల్లెటూరి బిడ్డ ఒకడు రియాక్టరు చెప్పే మాట వినగలిగాడు. దానికి ఆజ్ఞ ఇవ్వగలిగాడు. మగ్గాల వీధిలోనుండి వచ్చిన పిల్లవాడు ఒక ఆవిరి తొట్టి మాట వినలేడా?

విద్యార్థి మిత్రులారా! పాలిటెక్నిక్‌లోగాని, ఐ.టి.ఐ.లోగాని, ఇంజనీరింగులోగాని ఈ శాఖను ఎన్నుకొనేవారు ముందుగా తమ ఇంటి పనులను తక్కువగా చూడడం మానండి. నూలు అద్దేవారి వేలు, వంటయింట్లో ఎసరు సవ్వడి విని మంట తగ్గించే అమ్మీ చెవి, కాలువ గట్టుమీది లస్కరు చూపు, ఇవే మన తొలి పాఠాలు. పుస్తకంలోని సూత్రం వీటికి క్రొత్త పేరు పెడుతుందేగాని, వీటిని కాదనదు.

కళాశాల సంఘంవారికి ఒక మనవి. మన ప్రయోగశాలలో ఒక చిన్న బల్ల చాలు. దానిమీద ఒక చిన్న పి.ఎల్.సి., ఒక మిశ్రమ మాడ్యూలు, ఒక ప్లాటినం ఉష్ణమాపకం, చిన్న విద్యుత్ పొయ్యిమీద ఒక నీళ్ళ పాత్ర ఉంచండి. విద్యార్థి తన చేతులతో తీగ కలపాలి. 60 డిగ్రీల వద్ద నీటిని నిలపాలి. ఆ తరువాత అధ్యాపకుడు తీగను ఊడదీసి, ‘ఇప్పుడు వచ్చినది చల్లదనమా, మౌనమా?’ అని అడగాలి. ఆ పాఠం ఉర్దూలోను, తెలుగులోను కూడ చెప్పగలిగితే మరీ మేలు. ఇంటి భాషలో అర్థమైన విషయం చేతికి త్వరగా వస్తుంది.

చివరగా మరొక్క మాట. తరగతి గదిలో వెనుక బల్లమీద కూర్చొని, అడిగినప్పుడు తలవంచుకొనే పిల్లలుంటారు. వారికి ఏమీ రాదని అధ్యాపకులు సున్న వేసి ముందుకు సాగిపోతారు. భాష అడ్డు వచ్చి ఉండవచ్చు. ఇంట ఏదైనా ఇబ్బంది కలిగి ఉండవచ్చు. ఎక్కడో ఒక తీగ తెగి ఉండవచ్చు. ఒక చిన్న పెట్టె సైతం తనకు వచ్చిన సున్నను నమ్మే ముందు, తీగ బాగున్నదా అని విచారించేటట్లు మనుష్యులు ఏర్పాటు చేశారు. అటువంటి విచారణ మన కళాశాలలో ప్రతి బిడ్డ విషయంలోను జరగాలని, ఇక్కడ చదివినవారు రేపు కర్మాగారాలలో తమ క్రింద పనిచేసేవారి విషయంలోను దానిని మరువరాదని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.